మొగ్గలు లేని లిల్లీ

గ్రంథాలయం మెట్లు ఎక్కేసరికే మీతాకి చిర్రెత్తుకొచ్చి ఉంది. మార్చి నెలలో హాప్సాలు ఊరి దారులు ఎవరికీ మేలు చెయ్యవు. కింద గడ్డకట్టిన మంచు, దాని మీద కరిగిన నీళ్ళు, ఆ పైన కాలు పెట్టిన మనిషి ఖర్మ. డెబ్బై ఏళ్ళ వయసులో చేతికర్ర పట్టుకుని కోట గోడ వెంబడి అంగుళం అంగుళం నడిచి రావాల్సొచ్చింది. పావుగంట ఆలస్యమైంది. ఆలస్యంగా వచ్చిన వాళ్ళకి వెనకగదిలో వేడి గొట్టం పక్క కుర్చీ దొరకదు, అదొక మంట.

కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ గోడవైపు చూసింది. అంతే, కుర్చీ సంగతి మర్చిపోయింది.

గోడమీది అట్టకి ఐదు అల్లిక నమూనాలు గుండుసూదులతో బిగించి ఉన్నాయి. ప్రతి బుధవారం ఇక్కడ చేరే ఆడవాళ్ళు, 'బుధవారం బల్ల' అని తమకి తామే పేరు పెట్టుకున్నవాళ్ళు, పాత అల్లికలతో ఒక పుస్తకం వేస్తున్నారు. ఆ పుస్తకంలోకి వెళ్ళే నమూనాలవి. నాలుగోదాని కింద చీటీ మీద 'లీనా తమ్‌బెర్గ్ లిల్లీ' అని రాసి ఉంది. లీనా మీతా తల్లి. చనిపోయి ముప్పై ఏళ్ళయింది.

ఆ లిల్లీ నిండా మొగ్గలున్నాయి. ఒక్కో కాడకి తొమ్మిది చొప్పున, బొద్దుగా, నున్నగా, బుద్ధిమంతురాళ్ళలా వరసకట్టి నిలబడ్డాయి.

"ఇదేంటి?" అంది మీతా.

"వచ్చావా వదినా! కాఫీ చల్లారిపోతోంది, కూర్చో," అంది వైకే. మీతా భర్త ఆర్వోకి వైకే చెల్లెలు. ఆర్వో పోయి పదేళ్ళయినా ఆడపడుచు హోదా మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ బల్లకీ ఆవిడే పెద్ద. "ఎలా ఉంది? నేనే అల్లాను. రెండు వారాలు పట్టింది తెలుసా?"

"ఇదేంటని అడుగుతున్నాను."

"అదేంటి అలా అడుగుతావ్? మీ అమ్మ లిల్లీ."

"మా అమ్మ లిల్లీకి మొగ్గలెక్కడివి?"

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ అల్లిక ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెవులు సరిగా వినపడని ఐనో పిన్ని మాత్రం ఎనభై ఆరేళ్ళ వేళ్ళతో తన పని తాను చేసుకుపోతోంది.

మొగ్గ అంటే ఈ ఊళ్ళో మాటలు కాదు. ఒక్క కుట్టులోంచి వదులు వదులుగా ఏడు మెలికలు లాగాలి. తిరుగు వరుసలో ఆ ఏడింటినీ ఒక్క పోటుతో కలిపి అల్లాలి. మెలిక బిగిసిందా, సూది దూరదు. దారం సాలెపోగంత సన్నం. చూపుడువేలి కొస మెలికల్ని లెక్కపెట్టాలి, బొటనవేలు వాటిని జారకుండా ఆపాలి. అలాంటి మొగ్గలు శాలువాకి వందలకొద్దీ ఉంటాయి. మొగ్గ సరిగా రాని పిల్లకి పెళ్ళి కాదని ఒకప్పుడు వేళాకోళం చేసేవాళ్ళు, సగం నిజంగానే.

లీనా చేతికి చూపుడువేలి కొస లేదు. దాని పక్క వేలికీ లేదు. బొటనవేలు వంగేది కాదు. పందొమ్మిదివందల నలభై తొమ్మిది మార్చిలో సర్కారు లారీలొచ్చి జనాన్ని సైబీరియాకి పట్టుకెళ్ళినప్పుడు ఆవిడకి వేళ్ళు పదీ ఉన్నాయి. మీతాకి అప్పుడు ఏడేళ్ళు. కోరింత దగ్గుతో మేనత్త ఇంట్లో పడుకోబట్టి మిగిలిపోయింది. ఏడేళ్ళు సైబీరియాలో చెట్లు నరికి తిరిగొచ్చిన మనిషి మొదట అడిగింది అల్లిక సూదులు. మొగ్గలు ఎలాగూ రావని తేలాక, మొగ్గ ఉండాల్సిన ప్రతిచోటా ఒక కన్ను పెట్టడం మొదలెట్టింది. దారం ఒక చుట్టు చుట్టి, పక్క రెండు కుట్లనీ కలిపేస్తే ఒక చిన్న ఖాళీ వస్తుంది. లిల్లీ కాడలు అలాగే ఉన్నాయి, ఆకులు అలాగే ఉన్నాయి, పూలున్న చోట వెలుతురు. "మొగ్గలేవీ?" అని ఎవరైనా అడిగితే, "అక్కడ చలికి రాలిపోయాయి" అనేది.

ఊరు దానికి 'చిమ్మెటలు కొట్టిన శాలువా' అని పేరు పెట్టింది.

"మొగ్గలు పెట్టమని నీకెవరు చెప్పారు?" అంది మీతా. "నేనిచ్చిన పట్టీ చూసి అల్లమన్నానా, నీ ఇష్టమొచ్చినట్టు దిద్దమన్నానా?"

"పట్టీ చూసే అల్లాను," అంది వైకే, ఇంకా నవ్వుతూనే.

"పట్టీలో కళ్ళున్నాయి. మొగ్గలు లేవు."

"వదినా, కాస్త నెమ్మదిగా. పట్టీలో మొగ్గలు ఎవరు పెడతారు చెప్పు? నువ్వు పెడతావా? ఇదిగో వీళ్ళలో ఎవరైనా పెడతారా?"

ఆ మాటలో తప్పులేదు. అల్లికని కాగితం మీద రాసుకునే అలవాటు ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి మొన్నమొన్నటిదాకా లేదు. పొడుగాటి ఉన్ని పట్టీ ఒకటి ఉండేది. నచ్చిన అల్లిక కనపడితే దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పు అల్లి గుర్తుంచుకునేవాళ్ళు. మొగ్గ దారం తినేస్తుంది కాబట్టి పట్టీ మీద అది పెట్టరు. ఆ చోట ఏదో ఒక గుర్తు పెట్టి వదిలేస్తారు. పట్టీ చూసిన ఏ అల్లికగత్తె అయినా గుర్తున్న చోట మొగ్గ ఉందనే అనుకుంటుంది. వైకే అలాగే అనుకుంది.

కానీ మీతాకి అవేవీ చెవికెక్కలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టెలోంచి పట్టీ లాగి బల్ల మీద పరిచింది. కాఫీ కప్పు ఒకటి ఒరిగి, నల్ల రొట్టె పళ్ళెంలోకి కాఫీ పారింది. ఎవరూ తుడవలేదు.

"కళ్ళు పెట్టుకుని చూడు! గుర్తు పెట్టి వదిలేసే మనిషైతే ఇన్ని పాట్లు పడుతుందా? కాడకి ఎడమనున్న కన్ను ఎడమకి వాలింది, కుడినున్నది కుడికి వాలింది. ప్రతి వరుసా ఒక్క కుట్టు జరుపుకుంటూ పోయింది. ఇది వదిలెయ్యడమా? ఇది ఆలోచించి చేసిన పని. బుర్ర పెట్టి, ఆ మొండి చేతులతో!"

"నువ్వు చెప్పేదాకా నాకేం తెలుసు?"

"అడగొచ్చుగా? నోరు పడిపోయిందా? నాలుగు వీధుల అవతల ఉంటాను. మా అమ్మకి అల్లడం రాదనుకున్నావు. పాపం ఏదో తప్పు చేసిపెట్టింది, మనం దిద్దుదాం అనుకున్నావు. చచ్చిపోయిన మనిషి మీద పెత్తనమా నీది?"

వైకే నవ్వు పోయింది. అరవై ఆరేళ్ళ మనిషి ముఖం కందిపోయింది. "నేను గౌరవంగా చేశాను వదినా. అందరి పేర్లూ పక్కన పెట్టి మీ అమ్మ పేరు పుస్తకంలో పెట్టించాను. మొగ్గలు లేకుండా వేస్తే ఇది హాప్సాలు శాలువాయేనా అని నలుగురూ నవ్వరా?"

"నవ్వనీ! అప్పుడూ నవ్వారు. మా అమ్మ బజార్లో బెంచీ మీద కూర్చుంటే చూసి నవ్వుకుంటూ పోయారు. నువ్వూ వాళ్ళలో చేరావు, అంతే తేడా."

ఇక్కడ మీతా గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ పట్టీ అమ్మ పోయాక ఇరవై ఎనిమిదేళ్ళపాటు ఆవిడ బీరువా అడుగున పడి ఉంది. ఎప్పుడూ తీసి చూసిన పాపాన పోలేదు. రెండేళ్ళ కిందట ఆవిడ వేళ్ళ కణుపులు వాచాయి. ఏడు మెలికల్లో సూది దూర్చాలంటే ప్రాణం పోయేది. ఎవరితోనూ చెప్పలేదు. బుధవారాల్లో బల్ల దగ్గర కూర్చుని సాదా వరుసలు మాత్రం అల్లి, మొగ్గల వరుస వచ్చేసరికి మూటకట్టి ఇంటికి పోయేది. ఒక చలికాలం అల్లడం మానేద్దామనే అనుకుంది. అప్పుడు బీరువాలోంచి ఆ పట్టీ తీసింది. ఒక సాయంత్రం కూర్చుని అమ్మ చేసినట్టే చేసి చూసింది. వేళ్ళు నొప్పి పుట్టలేదు. కళ్ళు ఒక్కొక్కటే వాలుకుంటూ పైకి పోయాయి. అమ్మ ఎంత పని చేసిందో ఆవిడకి అప్పుడు తెలిసింది. అరవై ఎనిమిదేళ్ళకి. అందుకే పట్టీ తెచ్చి వైకే చేతిలో పెట్టింది. పుస్తకంలో అమ్మ అల్లిక ఉన్నది ఉన్నట్టు పడాలి, ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

"నన్ను ఇంతలేసి మాటలంటున్నావుగా," అంది వైకే, లేచి నిలబడి. "నేనేం గాలిలోంచి తెచ్చాననుకున్నావా ఆ మొగ్గలు? పట్టీ ఒక్కటే చూసి చేసేంత తెలివితక్కువదాన్ని కాను. ఇది చూసి చేశాను."

కింద నుంచి అట్టపెట్టె తీసి మూత తెరిచింది. పల్చటి కాగితం మడత విప్పింది.

లేతరంగు శాలువా. నాలుగు వైపులా అంచు సన్నగా కుట్టి ఉంది. నడిమంతా లిల్లీలు, లిల్లీల నిండా మొగ్గలు.

"నీ పెళ్ళి శాలువా," అంది వైకే. "నా పెళ్ళికి నువ్వే ఇచ్చావు, మళ్ళీ అడగలేదు. నా కూతుళ్ళిద్దరూ ఇదే కప్పుకున్నారు. లీనా అత్తయ్య స్వయంగా అల్లింది. ఇప్పుడు చెప్పు, మీ అమ్మ లిల్లీకి మొగ్గలున్నాయా లేవా?"

మీతా ఆ శాలువా వైపు చూసింది.

ఆడపడుచు కూతుళ్ళ పెళ్ళిళ్ళలో రెండుసార్లు ఆ శాలువా ఆవిడ కంటపడింది. రెండుసార్లూ చూపు తిప్పుకుంది. అంత తేలిగ్గా దాన్ని మర్చిపోవచ్చనుకుంది.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో పెళ్ళికూతురు పుట్టింటి నుంచి తల్లి అల్లిన శాలువా తెచ్చుకోవాలి. అత్తగారు దాన్ని బల్ల మీద పరిచి, అందరి ముందూ కుట్టు కుట్టూ చూడాలి. ఆర్వో తల్లి ఊళ్ళో పేరున్న అల్లికగత్తె. చిమ్మెటలు కొట్టిన శాలువా ఆవిడ ముందు పరచడమా? ఇరవై రెండేళ్ళ మీతా చచ్చినా ఒప్పుకోదు. ఆ చలికాలమంతా లీనా తన చేతులతో కూతురి కోసం ఒక శాలువా అల్లుతూనే ఉంది, కళ్ళు పెట్టుకుంటూ. మీతా స్నేహితురాలి ఇంట్లో కూర్చుని రహస్యంగా ఇంకోటి అల్లింది. అమ్మ పట్టీలోని అల్లికే, కాని కన్నున్న ప్రతిచోటా మొగ్గ. పెళ్ళినాడు అమ్మది పెట్టె అడుగున దాచేసి, తనది బల్ల మీద పరిచి, అందరూ వినేలా చెప్పింది: "మా అమ్మ అల్లింది."

అత్తగారు చూసింది, తడిమింది, మెచ్చుకుంది. "ఏం చేతులమ్మా మీవి!" అంది లీనాతో.

లీనా చేతులు బల్ల కింద ఉన్నాయి. "ఉన్ని మంచిది దొరికింది," అంది.

తను అల్లిన శాలువా గురించి లీనా ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ ఎత్తలేదు. ముసలితనంలో అదే కప్పుకుంది. పోయినప్పుడు అదే కప్పి పూడ్చారు.

"ఏం వదినా, మాట్లాడవేం?" అంది వైకే. "ఇందాక బాగానే లేచిందిగా నోరు!"

ఒప్పుకోకపోతే సరిపోయేది. 'సరే, పొరపాటు పడ్డాను' అని కోటు తొడుక్కుని పోతే ఎవరికీ తెలిసేది కాదు. పుస్తకంలో అమ్మ పేరు ఉంటుంది, మొగ్గలూ ఉంటాయి, ఊరు మెచ్చుకుంటుంది. మీతాకి ఒక్క క్షణం అది కూడా తోచింది. ఆ తోచినందుకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. వైకే మీద వచ్చిన కోపం దీని ముందు ఏ మూలకీ రాదు.

"అది మా అమ్మ అల్లలేదు," అంది. "నేను అల్లాను."

"ఏంటీ?"

"నేను అల్లి, మా అమ్మ అల్లిందని చెప్పాను. మా అమ్మకి మొగ్గలు రావు. ఆ సంగతి మీ ఇంట్లో తెలిస్తే తలవంపులని అబద్ధం చెప్పాను."

బల్ల ఆ చివర ఐనో పిన్ని సూదులు ఆపింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. "ఏమంటోంది? గట్టిగా చెప్పమనండి, నాకు వినపడలేదు."

మీతాయే చెప్పాల్సొచ్చింది. కిటికీ అద్దాలు అదిరేలా, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేలా అరిచింది: "నా పెళ్ళి శాలువా మా అమ్మ అల్లలేదు పిన్నీ! నేను అల్లాను! మా అమ్మ చేతులకి నేను సిగ్గుపడ్డాను!"

"ఓ, అదా," అంది ఐనో పిన్ని. "అది నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు లీనా పక్కన కూర్చుంది నేనేగా. పెళ్ళి భోజనంలో మీ అమ్మ ఒక్క ముద్ద ముట్టలేదు. కత్తి పట్టుకోవాలంటే చేతులు పైకి తియ్యాలి, తీస్తే ఆ వేళ్ళు మీ అత్తగారు చూస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఇంటికెళ్ళాక నేనే రొట్టె కోసి, చేప పెట్టి ఇచ్చాను. నాలుగు ముక్కలు తింది. అంత ఆకలి వేసింది పాపం." పిన్ని మళ్ళీ సూదులు అందుకుంది. "ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. చాలా ఏళ్ళే పట్టింది."

మీతా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆ పెళ్ళి భోజనం ఆవిడకి బాగా గుర్తుంది. ఏం వండారో గుర్తుంది, ఎవరు పాడారో గుర్తుంది. తల్లి తిందో లేదో మాత్రం చూడలేదు.

వైకే శాలువా మడిచి పెట్టెలో కుక్కింది, మడత సరిగా పెట్టకుండానే. "నలభై ఎనిమిదేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావు," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ గొంతులో లేవు. "లీనా అత్తయ్య చేతి పని అని నా పిల్లలకి చెప్పుకున్నాను. అంత కష్టపడి వచ్చిన మనిషి ఇంత అందంగా అల్లిందని చెప్పుకున్నాను. ఇందాక నన్నేమన్నావు? చచ్చిపోయిన మనిషి మీద పెత్తనమన్నావు. బతికున్న మనిషి మీద నువ్వు చేసిందేమిటి? దిద్దింది నువ్వు. నేను నీ దిద్దుబాటుని చూసి రాసుకున్నదాన్ని."

"అవును."

"అవునా? అంతేనా?"

"ఇంకేం చెప్పను? నువ్వన్నది నిజం. తిట్టు, పడతాను. కానీ పుస్తకంలో మొగ్గలు తీసెయ్యి."

"సోమవారం అచ్చుకి వెళ్ళిపోతోంది! శుక్రవారానికి కొత్త నమూనా ఎవరు అల్లుతారు? నేను అల్లను. నాకు ఇప్పుడు సూది పట్టుకోవాలని లేదు."

"నేను అల్లుతాను."

"నీ వేళ్ళు నాకు కనపడటం లేదనుకున్నావా? మొగ్గల వరుస రాగానే మూట సర్దేస్తావు. రెండేళ్ళుగా చూస్తున్నాను."

"దీనికి మొగ్గలు లేవుగా," అంది మీతా. "ఉన్ని ఇటు తే."

వైకే ఉన్ని బంతి బల్ల మీదికి విసిరింది. అది దొర్లి మీతా ఒళ్ళో పడింది. మీతా పట్టీని ముందు పెట్టుకుని కుట్లు ఎక్కించింది. తడిసిన రొట్టెలు ఎవరో తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశారు. కాడ మొదలైంది. మొదటి పూవు చోటు రాగానే కుడిచెయ్యి అలవాటు కొద్దీ ఏడు మెలికలు లాగడానికి పోయింది, రెండు లాగేసింది కూడా. మీతా వాటిని విప్పేసింది. దారం ఒక చుట్టు చుట్టి, పక్క కుట్లు రెండూ కలిపింది. కన్ను వచ్చింది.

గంటన్నరకి నాలుగు వేళ్ళ వెడల్పు అయింది. ఐనో పిన్ని దాన్ని లాక్కుని కిటికీ దగ్గర పెట్టి చూసింది. "ఆఁ, ఇది లీనాదే," అంది.

వైకే గోడమీది పాత నమూనా పీకేసింది. పెళ్ళి శాలువాని కూడా పుస్తకం వెలువడే రోజు గాజు పెట్టెలో పెట్టాలని ముందే అనుకున్నారు. దానికి చీటీ ముందే రాసి పెట్టింది: 'అల్లినవారు లీనా తమ్‌బెర్గ్, కూతురి పెళ్ళికి.' ఆ చీటీని రెండుగా చింపి కొత్త కాగితం తీసుకుంది.

"ఇదింక పెట్టను. ఇంటికి పట్టుకుపో."

"పెట్టాల్సిందే," అంది మీతా. "రాసుకో. అల్లింది మీతా, లీనా కూతురు."

వైకే రాసింది. కలం కాగితంలోకి దిగేలా ఒత్తి రాసింది. "అయిందా?"

"కాలేదు. తల్లి అల్లిన శాలువా దాచేసి, దీన్ని పరిచింది."

"ఇదంతా చీటీ మీద రాస్తారా ఎక్కడైనా? ఊరంతా చదువుతారు."

"చదవనీ. ఊరంతా వినేలాగే కదా ఆ రోజు చెప్పాను."

వైకే తలెత్తి వదిన ముఖంలోకి చూసింది. కోపం ఇంకా తగ్గలేదు, ఈ ఏడాదిలో తగ్గేలాగా లేదు. తల దించి, ఆ మాట కూడా రాసింది.